చెవి లాక్కుంటుంటే అదీ పళ్ళ వల్లే అనుకున్నాం

మా పాపకు ముందు పళ్ళు వచ్చినప్పుడు మాకు పెద్దగా తెలియనే లేదు. కాస్త చొంగ కార్చింది, నాలుగు రోజులు చిరాకు పడింది, అంతే. అందుకే 25వ నెలలో అన్నం ముద్ద నోట్లో పెట్టగానే ఉమ్మేయడం, రాత్రి రెండింటికి లేచి బుగ్గ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టినా నాకు పళ్ళ సంగతి తట్టలేదు. ఒకరోజు పెద్దగా ఏడుస్తుంటే ఫోన్ టార్చ్ వేసి చూశాను, కింద వరుసలో అన్నిటికన్నా వెనక చిగురు ఎర్రగా ఉబ్బి, దాన్ని చీల్చుకుని తెల్లటి మొన ఒకటి పైకి వస్తోంది. పాలపళ్ళు మొత్తం 20, వాటిలో ఆఖరి నాలుగు ఈ దవడ పళ్ళే, మామూలుగా 23 నుంచి 33 నెలల మధ్య వస్తాయి. ముందు పళ్ళలా సన్నగా కాకుండా వెడల్పుగా ఉంటాయి.

ఇంట్లో ఉన్న టీథర్ (పళ్ళొచ్చే పిల్లలు నమిలే బొమ్మ) అంత వెనక్కి అందదు, పాప విసిరికొట్టింది. మాకు పనికొచ్చింది మెత్తటి నూలుగుడ్డ. శుభ్రంగా ఉతికి, తడిపి పిండి, ఫ్రిజ్‌లో పెట్టి (డీప్ ఫ్రీజర్‌లో కాదు, గట్టిగా గడ్డకడితే చిగురుకు దెబ్బ) ఇస్తే తనకు కావలసిన చోటికి తనే తోసుకుని నమిలేది. పడుకునే ముందు చేతులు కడుక్కుని వేలితో చిగురు మీద నెమ్మదిగా రాసేదాన్ని, రెండు సార్లు గట్టిగా కొరికింది కూడా. తిండి మాత్రం అత్తయ్య చూసుకున్నారు, మెత్తగా పిసికిన చల్లటి పెరుగన్నం చెంచాతో చిన్న చిన్నగా పెడుతూ గంటసేపైనా ఓపిగ్గా కూర్చునేవారు, నాకు అంత ఓపిక ఉండేది కాదు.

మరీ నిద్రపోలేని రాత్రులు, మొత్తం మీద నాలుగైదు ఉంటాయేమో, పారాసిటమాల్ సిరప్ వేశాం. పాప బరువు చూసి డాక్టర్ గారు రాసిచ్చిన మోతాదే. ఇది తప్పకుండా చెప్పాలి: ఆ సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. సీసా మారితే అదే చెంచా రెట్టింపు మందవుతుంది, కాబట్టి ప్రతిసారీ సీసా మీద అంకె చూడండి. చిగుళ్ళకు రాసే జెల్ ఒకటి తెచ్చుకోమని పక్కింటావిడ అన్నారు కానీ డాక్టర్ గారు వద్దన్నారు. రాసిన కాసేపటికే చొంగతో పోతుందట. పైగా బెంజోకైన్ అనే మొద్దుబార్చే మందు ఉన్నవి రెండేళ్ళలోపు పిల్లలకు అస్సలు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది, అరుదుగానైనా రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి వస్తుందని.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది జ్వరం సంగతి. పళ్ళ గొడవ మొదలైన రెండో వారంలో పాపకు 102 వచ్చింది, కుడి చెవి లాక్కుంటోంది. "పళ్ళ జ్వరమేనమ్మా, మీ ఆయనకూ ఇలాగే వచ్చేది" అన్నారు అత్తయ్య. నేనూ నమ్మాను, ఎందుకంటే దవడ పళ్ళు వచ్చేటప్పుడు చెవి లాక్కోవడం మామూలేనని అప్పటికే విని ఉన్నాను. సిరప్ వేస్తూ రెండు రోజులు ఆగాం. మూడో రోజు డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే చెవిలో లైటు వేసి చూసి ఇన్ఫెక్షన్ అన్నారు. "పళ్ళకు ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చమ్మా, 100.4 దాటితే మాత్రం పళ్ళ మీదికి నెట్టేయకండి, వేరే కారణం వెతకాలి. విరేచనాలైనా అంతే" అని చెప్పారు. ఆ రెండు రాత్రులు నా బిడ్డ చెవి నొప్పితో ఏడుస్తుంటే నేను చిగురు రుద్దుతూ కూర్చున్నాను.

మందు వాడాక జ్వరం తగ్గింది, కింది పళ్ళు రెండూ పూర్తిగా వచ్చేశాయి. పై వరుసవి 27వ నెలలో మొదలయ్యాయి. ఈసారి ఒళ్ళు వేడిగా అనిపిస్తే అత్తయ్యే ముందు థర్మామీటర్ అందుకుంటున్నారు. కొత్త పళ్ళ గుంటల్లో అన్నం ఇరుక్కుంటోంది, అందుకని బియ్యపు గింజంత పేస్టుతో వెనకదాకా నేనే తోముతున్నాను, చిగురు వాచిన వైపు మాత్రం కాస్త మెల్లగా.

పైన ఎడమ వైపుది ఇంకా సగమే బయటికొచ్చింది. ఫ్రిజ్‌లో రెండు తడిగుడ్డలు ఎప్పుడూ ఉంటున్నాయి.