చెన్నపట్నం ట్రాము: బస్సు ఓడించిందా, పట్టాలు ముంచాయా

మద్రాసులో కరెంటు ట్రాము 1895 మే 7న మొదలైంది, 1953 ఏప్రిల్ 12న ఆగింది. మన దేశంలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాము అదే. లండన్ వీధుల్లోకి కరెంటు ట్రాము 1901లో గానీ రాలేదు. 1921 నాటికి మద్రాసులో 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బండ్లు ఉండేవి. తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక అచ్చవుతున్న రోజులవి. జార్జిటౌనుకీ మౌంటురోడ్డుకీ మైలాపూరుకీ తిరిగే తెలుగువాళ్ళకి ట్రాము అంటే వింత కాదు, రోజూ ఎక్కి దిగే బండి. మద్రాసు ఎవరిదన్న వాదం ఇంకా చల్లారకముందే, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఆరు నెలల ముందు, ఆ బండి వెళ్ళిపోయింది.

ఎందుకు పోయిందని అడిగితే "బస్సులొచ్చాయిగా" అంటారు. అది సగం జవాబే. బండికీ బండికీ పోటీ పెడితే ట్రాము తీసిపోయేది కాదు. ఇనప చక్రం ఇనప పట్టా మీద దొర్లుతుంటే రాపిడి చాలా తక్కువ, కాబట్టి అంతే బరువు లాగడానికి రబ్బరు టైరు బండి కంటే తక్కువ శక్తి చాలు. టైర్ల ఖర్చు లేదు. బాగా చూసుకుంటే ట్రాముబండి ముప్ఫై ఏళ్ళు దాటి నడుస్తుంది, బస్సు అందులో సగం కాలం నిలవడమే గొప్ప. ట్రామును దెబ్బతీసింది చక్రం కింద ఉన్నది. పట్టా, తీగ, రోడ్డు, ఈ మూడింటి ఖర్చు ఎవరు భరించాలన్న లెక్కలోనే దాని కథంతా ఉందని నేను నమ్ముతాను.

మద్రాసులో మొదటి పొరపాటు కరెంటు అందించే పద్ధతిలోనే జరిగింది. నెత్తిమీద తీగ లాగకుండా, కరెంటును నేలకింద కాలువలో పెట్టారు. ఈ పద్ధతి వాడిన ఊళ్ళలో రోడ్డు పొడవునా ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా వెడల్పున్న సందు ఒకటి కనిపించేది. ఆ సందు కింద సొరంగంలాంటి కాలువ, అందులో చెరోపక్క ఇన్సులేటర్ల మీద నిలబెట్టిన రెండు ఇనప కడ్డీలు. ఒకదానిలో కరెంటు వస్తుంది, రెండోదానిలో తిరిగి పోతుంది. బండి అడుగునుంచి ఒక పలక సందులోంచి దిగి, దాని రెండు చెంపలకీ ఉన్న ఇనప ముక్కలతో ఆ కడ్డీలను రాసుకుంటూ పోతుంది. వీధిలో స్తంభాలు, తీగలు ఉండవు కాబట్టి చూడటానికి బాగుంటుంది.

కానీ ఆ సందులోంచి పలక ఒక్కటే దిగదు. పేడ, మట్టి, గడ్డి, ఊడిపోయిన లాడాలు, చిన్న ఇనప ముక్కలు అన్నీ దిగుతాయి. కొన్ని అడుగులకొకటి ఉండే ఇనప మూతలు తీసి, మనుషులు చేత్తో ఎత్తిపోయాలి. లాడం ముక్క రెండు కడ్డీలకూ అడ్డంగా పడితే షార్టు. ఎండకి ఇనుము సాగితే సందు ఇరుకై పలక ఇరుక్కుంటుంది. ఇవన్నీ ఒకెత్తు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనం ఒకెత్తు. మద్రాసు నేల బల్లపరుపు, సముద్రమట్టానికి కాస్తే ఎత్తు, మురుగు వాలు తక్కువ. కాలువలో నీళ్ళు కడ్డీల ఎత్తుకి చేరితే, ఆ మురికినీరే తీగలాగా పనిచేసి రెండు కడ్డీలనూ కలిపేస్తుంది. పవర్‌హౌసులో బ్రేకరు పడిపోతుంది, ఆ భాగంలోని బండ్లన్నీ ఒకేసారి నిలిచిపోతాయి. నీళ్ళు దిగాక కూడా పని అవదు. ఇన్సులేటర్ల మీద తడిసిన ఒండ్రు పేరుకుని ఉంటుంది, అది కడిగి ఆరేదాకా కరెంటు కారుతూనే ఉంటుంది. కొన్ని వానాకాలాలకే ఆ కాలువలు పాడైపోయాయి. చివరికి అన్ని ఊళ్ళలాగే స్తంభాలు పాతి తీగలు లాగారు. అంటే ఒకే దారికి రెండుసార్లు పెట్టుబడి పెట్టారు. పుట్టిన పదేళ్ళలోపే ఇంత మోత మోసిన కంపెనీ చేతులు మారింది.

తీగ వచ్చాక బండి పనితీరు సులువైంది. పైకప్పు మీద స్ప్రింగులతో పైకి తన్నిపెట్టిన కడ్డీ, దాని కొసన గాడి ఉన్న చిన్న కప్పీ చక్రం. ఆ కాలపు ట్రాముల్లో వాడినది 500, 600 వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు. డ్రైవరు ముందుండే నిలువు డబ్బా పేరు కంట్రోలర్. దాని మీద రెండు పిడులు, ఒకటి ముందుకా వెనక్కా అని తేల్చేది, రెండోది వేగానిది. బయలుదేరేటప్పుడు చేతిబ్రేకు వదిలి, వేగం పిడిని గంటుకొకసారి (గంటు అంటే పిడి ఆగే మెట్టు) ఆపుతూ తిప్పాలి. మొదటి గంట్లలో రెండు మోటార్లూ ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో ఉంటాయి, మధ్యలో కరెంటును అణిచిపెట్టే రెసిస్టెన్సులు. గంటు గంటుకీ ఒక్కో రెసిస్టెన్సు తప్పుకుంటుంది. అవన్నీ తప్పుకున్నాక వచ్చే గంటు మీద ఎంతసేపైనా నడపొచ్చు. ఇంకా తిప్పితే మోటార్లు పక్కపక్కన ప్యారలల్‌లోకి మారి వేగం పెరుగుతుంది. మధ్య గంట్ల మీద ఆగి నడిపితే రెసిస్టెన్సులు ఎర్రగా కాలి మాడిపోతాయి. కరెంటు తీసేటప్పుడు మాత్రం గంటుగంటుకీ ఆగకూడదు. ఒక్క ఊపుతో సున్నాకి తెచ్చేయాలి, లేకపోతే లోపలి రాగి ముక్కల మధ్య నిప్పు లేచి అవి కాలి అరిగిపోతాయి.

బండి ఇసుక మోసుకు తిరిగేది. చినుకులు మొదలైన తొలి నిమిషాల్లో పట్టా మీది దుమ్ము, నూనె కలిసి జారుడు పేస్టులా తయారవుతుంది. భారీ వాన కంటే ఆ తుంపర ప్రమాదం. డ్రైవరు కాలితో నొక్కితే పొడి ఇసుక చక్రం ముందు పడాలి. ఇసుక తడిస్తే గొట్టంలో గడ్డకట్టి పడదు, అందుకే దాన్ని ముందే వేడి చేసి ఆరబెట్టి నింపేవారు. మరీ ఎక్కువ పోస్తే ఇంకో చిక్కు. పైతీగలోంచి వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళేది చక్రం నుంచి పట్టాలోకే కదా, నడుమ ఇసుక పొర అడ్డుపడితే బండి ఉన్నచోటే చచ్చిపడుతుంది.

కొసన బండిని తిప్పే పని లేదు, రెండు వైపులా కంట్రోలర్లు ఉండేవి. కండక్టరు తాడు పట్టి కడ్డీని కిందికి లాగి, బండి చుట్టూ నడిచి, రెండో వైపుకి వాల్చి తీగకి తగిలించేవాడు. మలుపుల్లో, తీగలు చీలే చోట వేగంగా పోతే కప్పీ జారి కడ్డీ ఎగిరిపోతుంది. రాత్రయితే బండిలో దీపాలన్నీ ఆరిపోతాయి. స్ప్రింగుల బలం ఎక్కువ కనక ఎగిరిన కడ్డీ అడ్డతీగలను కొట్టి తెంపడమూ ఉంది. అందుకే తాడు కండక్టరు చేతికి అందేలా వెనక వేలాడుతూ ఉండాలి.

ఇక పట్టా. ట్రాము పట్టా రైలు పట్టాలాగా నేల మీద తేలి ఉండదు. రోడ్డుతో సమానంగా పాతిపెట్టి ఉంటుంది, చక్రం అంచు పట్టేందుకు దానిలోనే గాడి ఉంటుంది. ఆ గాడిలోకి రోజూ మన్ను చేరుతుంది, రోజూ గీకాలి. సైకిలు చక్రం అందులో దిగితే మనిషి పడిపోవడం ఖాయం. ఎడ్లబండి ఇనపకట్టు పట్టా అంచునే రాస్తూ పోతుంది, పక్కనున్న కంకర లేచిపోతుంది, ఆ సందులో నీళ్ళు దిగి పట్టా కింది పునాది మెత్తబడుతుంది. అప్పుడు బండి వెళ్ళినప్పుడల్లా పట్టా అతుకు దగ్గర కుంగి లేస్తుంది. అతుకుల మీద రాగి తీగలు బిగించి ఉంటాయి, కరెంటు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి పోవడానికి. కుంగి లేచే చోట ఆ రాగి తెగుతుంది. తెగితే కరెంటు పట్టా వదిలి తడినేలలోకి, అక్కడ్నుంచి దగ్గర్లోని నీటిగొట్టంలోకి దారి వెతుక్కుంటుంది. గొట్టాన్ని వదిలి బయటికి వచ్చే చోట ఇనుమును కొద్దికొద్దిగా కరిగించి తినేస్తుంది. దీనికి భయపడే బ్రిటిష్ నిబంధనలు, పట్టాల మీద ఏ రెండు చోట్ల మధ్యా 7 వోల్టులకి మించి తేడా ఉండరాదని కట్టడి చేశాయి. గొట్టం కారితే ట్రాము కంపెనీ మీదికే వచ్చేది.

అన్నిటికన్నా పెద్ద బరువు రోడ్డు ఖర్చుది. బ్రిటన్‌లో 1870 నాటి ట్రాముల చట్టం ప్రకారం పట్టాల నడుమ నేలనీ, వాటికి చెరోవైపు 18 అంగుళాల రోడ్డునీ కంపెనీయే బాగుచేయాలి. మన దేశంలో 1886లో వచ్చిన చట్టం కూడా ఆ ఒరవడిలోదే. మీటరు గేజీ పట్టాకి లెక్క కడదాం. నడుమ 1 మీటరు, పక్కల 36 అంగుళాలు అంటే 91 సెంటీమీటర్లు. మొత్తం 1.91 మీటర్ల వెడల్పు, కిలోమీటరుకి 1,910 చదరపు మీటర్ల రోడ్డు. గుర్రాలు ట్రాములు లాగిన కాలంలో ఈ షరతుకి న్యాయం ఉంది, నేలను తొక్కి పాడుచేసేవి కంపెనీ గుర్రాలే కనక. కరెంటు వచ్చాక బండి నేలను ముట్టుకోనే ముట్టుకోదు. కానీ షరతు అలాగే మిగిలింది. ట్రాము కంపెనీ డబ్బుతో నున్నగా ఉంచిన ఆ బద్ద మీదే లారీలు, బస్సులు పరుగెత్తాయి. బస్సు యజమాని పన్ను కట్టి ఊరందరి రోడ్డు వాడుకున్నాడు, ట్రాము తన రోడ్డు తానే వేసుకుని పక్కవాడికీ పరిచింది. ఇంత అన్యాయమైన పోటీలో ఎంత మంచి బండి అయినా నిలవదు.

బస్సుకి నిజమైన బలాలూ ఉన్నాయి, వాటిని కాదనను. దారిలో బండి చెడితే బస్సు పక్కకి తప్పుకుంటుంది. చెడిన ట్రామును వెనక ట్రాము నెట్టుకుపోవాలి, అది ఇంకో లైనులోకి మళ్ళే చోటు దాకా ఆ దారి మొత్తం బందే. కొత్త పేట పుడితే బస్సు మర్నాటినుంచే వెళ్ళగలదు. రోడ్డు నడుమ ఆగే ట్రాము దగ్గరికి నడిచి వెళ్ళాలి, మోటారు బళ్ళు పెరిగేకొద్దీ ఆ నాలుగడుగులే ప్రాణాంతకం.

రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకి రేషను పెట్టి, బొగ్గు బస్సులు ముక్కుతూ మూలుగుతూ నడిచిన రోజుల్లో కరెంటు మీద నడిచే ట్రాముల విలువ తెలిసొచ్చింది. కానీ పట్టాలకీ మోటార్లకీ అరుగుదల అప్పుడే ఎక్కువ, విదేశాల నుంచి కొత్త సామాను రావడం అప్పుడే తక్కువ. 1947లో మద్రాసు ప్రభుత్వం 30 బస్సులతో సొంత సర్వీసు మొదలుపెట్టింది. తరువాత ఆరేళ్ళకే, నష్టాల్లో కూరుకుపోయిన ట్రాము కంపెనీ మూతపడింది. లండన్ కూడా 1952 జూలైలోనే తన పాత ట్రాములు తీసేసింది, కనక ఇది మద్రాసు ఒక్కదాని నిర్ణయం కాదు, ఆ కాలం గాలి అది.

బొంబాయి సంగతి పోల్చి చూడదగినది. అక్కడ 1874 మే 9న గుర్రపు ట్రాము, 1907 మే 7న కరెంటు ట్రాము, 1920లో రెండంతస్తుల ట్రాము. 1926 జూలై 15న ఆఫ్ఘన్ చర్చి నుంచి క్రాఫోర్డ్ మార్కెట్టు దాకా మొదటి మోటారు బస్సు నడిపింది కూడా ట్రాముల కంపెనీయే. 1947లో అది నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. ట్రాము, బస్సు, కరెంటు సరఫరా మూడూ ఒకే యజమానివి కావడం వల్ల మద్రాసు కంటే పదకొండేళ్ళు ఎక్కువ నిలిచింది. చివరి ట్రాము 1964 మార్చి 31 రాత్రి బోరీబందరు నుంచి దాదరుకి వెళ్ళింది. కామాఠీపురాలో, మిల్లుల పేటల్లో స్థిరపడ్డ తెలుగు కూలీలకీ పద్మశాలీలకీ తెలిసిన బండి అది. "దాదర్ టీటీ"లో టీటీ అంటే ట్రామ్ టెర్మినస్సే. అరవై ఏళ్ళు దాటినా జనం ఆ మాటే వాడుతున్నారు.

హైదరాబాదు ట్రాము దశే చూడలేదు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో నేరుగా బస్సుల్లోకి దిగింది. రోడ్డు తవ్వక్కర్లేదు, పట్టా వేయక్కర్లేదు.

పాత మద్రాసు ఫొటోలు చూసేవాళ్ళకి రెండు గుర్తులు చెబుతాను. రోడ్డు నడుమ పట్టాలుండి, వాటి మధ్య మూడో గీతలా సందు కనిపిస్తూ, పైన తీగ లేకపోతే అది కాలువ కరెంటు నాటి తొలి రోజుల బొమ్మ. స్తంభాలు, తీగ కనిపిస్తే తరువాతిది. అలాంటి ఫొటోలో ట్రాము ఎటు పోతోందో తేల్చడానికి డ్రైవరు కోసం వెతకొద్దు, రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. పైకప్పు మీది కడ్డీ చూడండి. కప్పీ ఉన్న కొస వాలినవైపు వెనక, బండి దానికి ఎదురుదిక్కుగా పోతోంది.