ఆరిన బల్బులో కరెంటు

పది పాసై ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో సీటొచ్చినప్పుడు, నాకు కొత్తగా నేర్పేదేముందిలే అనుకున్నాను. మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. చీనీ తోట, ఒక బోరు. ఎండాకాలం మోటారు కాలడం, దాన్ని పైకి లాగి అనంతపురంలో వైండింగ్ షాపుకు మోసుకుపోవడం మా ఇంట్లో పండగలాగా ఏటా ఉండేదే. ఫ్యూజు పోతే తీగ చుట్టేది నేనే. పశువుల కొట్టంలో బల్బు పెట్టిందీ నేనే, తొమ్మిదో తరగతిలో.

కోర్సు రెండేళ్లు. మొదట్లో కరెంటు ఊసే లేదు. ఇనుప ముక్క చేతికిచ్చి ఆకురాయితో రుద్దమన్నారు. రుద్ది రుద్ది, మూల సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తితే సందులోంచి వెలుగు కనబడేది. మళ్లీ రుద్దు. "కరెంటు పనికని పోయి కమ్మరి పని చేస్తుండావేందిరా" అని నాయన నవ్వాడు. అంత రుద్దుడు అవసరమా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

తర్వాత జాయింట్లు. తీగలు రెండూ మెలేసి టేపు చుట్టడమే నాకు తెలిసిన జాయింటు. సార్ దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఊడొచ్చింది. "ఊడితే మంచిదే. ఊడకుండా లూజుగా ఉంటే వేడెక్కి ఇల్లు కాలుస్తుంది" అన్నాడు.

అసలు దెబ్బ తిన్నది స్టెయిర్‌కేస్ వైరింగ్ రోజు. ఒక బల్బు, రెండు టూవే స్విచ్చులు. కింద వేసి పైన ఆర్పాలి. నాది, కింది స్విచ్చి ఒకవైపు ఉంటేనే పైదానికి పలుకుతోంది. సార్ వచ్చి చూశాడు, ఏమీ చెప్పకుండా పోయాడు. రెండు గంటలు పట్టింది. పై స్విచ్చిలో మధ్య పాయింటుకు రావాల్సిన బల్బు తీగను పక్క పాయింటుకు బిగించాను. అంతే తప్పు.

ఆరోజే ఇంకో మాట చెప్పాడు: స్విచ్చి ఎప్పుడూ ఫేజులోనే, అంటే కరెంటొచ్చే తీగలోనే ఉండాలి. తిరిగిపోయే తీగ న్యూట్రల్‌లో పెట్టినా బల్బు ఆరుతుంది గానీ, హోల్డర్ దాకా కరెంటు అట్లే ఉంటుంది. నాకు కొట్టంలో బల్బు గుర్తొచ్చింది. బల్బు మారుస్తుంటే చెయ్యి జివ్వుమందని అమ్మ ఒకసారి చెబితే, తడి చేత్తో ముట్టుకున్నావని నేనే ఎగిరాను.

శనివారం ఇంటికి పోగానే స్విచ్చి ఆపి, బల్బు తీసి, హోల్డర్ పిన్నుకు టెస్టర్ పెట్టాను. వెలిగింది. "ఏమైంది రా?" అంది అమ్మ. ఏం లేదమ్మా అని మెయిన్ ఆపి తీగలు మార్చాను. నేనే పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు.

పరీక్షల గురించి చెప్పేదేం లేదు. థియరీ కంప్యూటర్ మీద, ప్రాక్టికల్ చేత్తో. పాసయ్యాను, నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వచ్చింది. చెప్పుకోవాల్సింది అంతకుముందు మూడు ఫేజుల మోటార్ల పాఠం. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోయినా అది వెంటనే ఆగదు. మిగతా రెండింటి మీద ఎక్కువ కరెంటు లాగుతూ మూలుగుతుంది, వైండింగ్ మాడుతుంది. దాన్ని ఆపాల్సింది స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే. మా స్టార్టర్‌లో అది మాటిమాటికీ ట్రిప్ అయి మోటారు ఆపేస్తోందని నాయన ఎప్పుడో తీయించి డైరెక్టుగా కలిపించాడు. ఊళ్లో సగం స్టార్టర్లు అట్లాంటివే.

రిలే తెచ్చి మళ్లీ పెడతానంటే నాయనకు కోపం వచ్చింది. "నీళ్లు పారేటప్పుడు ట్రిప్ అయితే నువ్వొచ్చి నొక్కుతావా?"

నొక్కుతానన్నాను. ఆ ఎండాకాలం ఐదారు సార్లు చెప్పుల్లేకుండా పరుగెత్తాల్సి వచ్చింది. మోటారు మాత్రం బోరులోనే ఉంది.