టీవీ డిబేట్‌కి వీడియోలో ప్రశ్న పంపాను, సగం కోసేసి వేశారు - నా అనుభవం

మొన్న రాత్రి ఇక్కడి ఒక న్యూస్ ఛానెల్ డిబేట్‌లో నా వీడియో వేశారు. నేను పంపింది నలభై సెకన్లు, వాళ్ళు వేసింది పన్నెండు. ఆ పన్నెండు సెకన్ల పుణ్యమా అని మా లేఅవుట్‌లో చాలామంది నన్ను ఒక పార్టీ మనిషి అనుకుంటున్నారు. కోపం ఇంకా చల్లారలేదు. బెంగళూరులో ఉండే మనవాళ్ళు ఎవరైనా ఇలా వీడియో పంపాలనుకుంటుంటే ముందు ఇది చదవండి.

మాది మదనపల్లె, కానీ పెళ్ళయినప్పటి నుంచి ఓటు ఇక్కడే. వర్తూరు వైపు, 2007లో బీబీఎంపీలో, అంటే బెంగళూరు నగర పాలక సంస్థలో కలిపిన 110 గ్రామాల్లో ఒకదాని పొలాల్లో వేసిన లేఅవుట్ మాది. ఆ గ్రామాల కోసమే కావేరి ఐదో దశ అని, రోజుకు 77.5 కోట్ల లీటర్ల తాగునీటి పథకాన్ని 2024 అక్టోబర్‌లో ప్రారంభించారు. మా వీధిలో పైపు వేశారు, కనెక్షన్‌కి డబ్బు కట్టించుకున్నారు, మేం మాత్రం ఇప్పటికీ ట్యాంకర్ నీళ్ళే కొనుక్కుంటున్నాం. పోయి అడుగుదామంటే కార్పొరేటర్ లేడు. 2015లో గెలిచినవాళ్ళ గడువు 2020 సెప్టెంబర్‌లో అయిపోయింది. ఆ తరువాత బీజేపీ ప్రభుత్వం ఉంది, 2023 మే నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది, ఇద్దరూ వార్డులు 198 నుంచి 243 అని, కాదు 225 అని లెక్కలు మారుస్తూ కూర్చున్నారు. 2025లో బీబీఎంపీనే తీసేసి ఐదు కార్పొరేషన్లు చేశారు. రాజ్యాంగం 243యు అధికరణలో అయితే గడువు ముగిసేలోపే ఎన్నిక జరిగిపోవాలని స్పష్టంగా ఉంది.

నా ప్రశ్న ఇది, కన్నడలోనే అడిగాను: "కనెక్షన్ డబ్బు కట్టినా మాకు ట్యాంకరే దిక్కు. 2020 నుంచి మా మాట వినే కార్పొరేటర్ లేడు. మీ రెండు పార్టీల ప్రభుత్వాలూ ఎన్నిక జరపలేదు. ఇకమీదట గడువు ముగిసేలోపే ఎన్నిక జరుపుతామని మీరిద్దరూ ఇప్పుడే ఇక్కడే రాసిస్తారా?"

ఛానెల్ వాళ్ళు ఇచ్చిన లింకులో అప్‌లోడ్ చేయడం సులువే. ఫోన్ అడ్డంగా పెట్టండి, ఫ్యాన్ ఆపండి, కిటికీకి ఎదురుగా కూర్చోండి, అంతే.

తరువాత ఛానెల్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి ఓటరు కార్డు ఫోటో అడిగాడు. పార్టీతో సంబంధం ఉందా అని కూడా అడిగాడు. దీనికి ఎవరూ నొచ్చుకోవద్దు, ఇది అడగాల్సిందే. 2007లో అమెరికాలో సీఎన్‌ఎన్, యూట్యూబ్ కలిసి జనం పంపిన వీడియోలతో డిబేట్లు పెట్టాయి. నవంబర్‌లో రిపబ్లికన్ల డిబేట్‌లో ప్రశ్న అడిగిన ఒక రిటైర్డ్ సైనికాధికారి ఎదుటి డెమోక్రాట్ పార్టీకి చెందిన హిల్లరీ క్లింటన్ ప్రచార కమిటీ ఒకదానిలో ఉన్నాడని తరువాత బయటపడింది, ఛానెల్ చాలా మాటలు పడాల్సి వచ్చింది. నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఆ మాటే చెప్పాను.

ఆ అబ్బాయే మళ్ళీ ఫోన్ చేసి, "మేడమ్, వీడియో కొంచెం డ్రైగా ఉంది, ఖాళీ బిందెలు పట్టుకుని వీధిలో నిలబడి తీయండి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెనక ఉంటే బాగుంటుంది, కొంచెం బాధగా మాట్లాడండి" అన్నాడు. మా ఇంట్లో బిందెలే లేవు నాయనా, సంప్ ఉంది, ట్యాంకర్ వచ్చి సంప్‌లో పోసి డబ్బు తీసుకుపోతుంది అని చెప్పాను. "అయితే పక్కింట్లో అడిగి తెచ్చుకోండి" అన్నాడు! నేను అడుగుతున్నది ఎన్నికల గురించి, నా కష్టం చూసి జాలిపడమని కాదు, తీస్తే ఇలాగే, లేకపోతే వద్దు అని గట్టిగా చెప్పాను. ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళు ప్రశ్న అడగాలంటే చేతిలో బిందె ఉండాలన్న ఆలోచన మన ఛానెళ్ళకి ఎప్పుడు పోతుందో.

తరువాత వాట్సాప్‌లో అనుమతి పత్రం పంపారు, ప్రింట్ తీసి సంతకం పెట్టి ఫోటో పంపమన్నారు. నేను అకౌంట్స్ పని చేసేదాన్ని, చదవని కాగితం మీద నా సంతకం పడదు. రెండో పేజీలో, వీడియోని తమకు నచ్చినట్టు ఎడిట్ చేసుకునే హక్కు ఛానెల్‌కి ఉంటుందని ఉంది. జిరాక్స్ షాపులోనే పెన్ను అడిగి తీసుకుని, దాని పక్కన "ప్రశ్న అర్థం మారకుండా మాత్రమే" అని చేత్తో రాసి, కింద సంతకం పెట్టి పంపాను. వాళ్ళ దగ్గర నుంచి "ఓకే మేడమ్" అని మెసేజ్ వచ్చింది. ఈ ఒక్క పనీ మీరు తప్పకుండా చేయండి, ఎందుకో కింద చెప్తాను.

ఆ రాత్రి ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. నా ముఖం వచ్చింది. "కనెక్షన్ డబ్బు కట్టినా మాకు ట్యాంకరే దిక్కు, 2020 నుంచి మా మాట వినే కార్పొరేటర్ లేడు" దగ్గర కోసేశారు. రెండు పార్టీలూ లేవు, రాసిస్తారా లేదు. అసలు ప్రశ్నే లేదు! వెంటనే ప్రతిపక్షం ప్రతినిధి నా వైపు చెయ్యి చూపించి, చూడండి ఈ ప్రభుత్వంలో ఒక తల్లి కన్నీళ్ళు అన్నాడు. నేను ఎక్కడ ఏడ్చానయ్యా? అధికార పార్టీ ఆయన, ఇలాంటి వీడియోలు ఎవరు తీయిస్తారో మాకు తెలుసు అన్నాడు. యాంకర్ ఒక్క ముక్క మాట్లాడలేదు. పూర్తి ప్రశ్న ఆమె ముందున్న స్క్రీన్ మీద ఉండే ఉంటుంది కదా, ఆ చివరి వాక్యం చదివి వినిపించడానికి ఎంతసేపు పట్టేది?

తెల్లారేసరికి అదే ముక్క ఛానెల్ వాళ్ళు యూట్యూబ్ షార్ట్స్‌లో పెట్టారు, దాన్ని ఎవరో పార్టీ గుర్తు తగిలించి వాట్సాప్‌లో తిప్పారు. పొద్దున నందిని పాల బూత్ దగ్గర అసోసియేషన్ సెక్రెటరీ అందరి ముందే, "ఏమ్మా, పార్టీలో ఎప్పుడు చేరారు, మాకు చెప్పనే లేదే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళుగా ఆ వీధిలో ఉంటున్న నన్ను పట్టుకుని! పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

మాట కోస్తే ఏం పోతుందిలే అనేవాళ్ళకి ఒకటి చెప్పాలి. పైన చెప్పిన అమెరికా డిబేట్లలోనే, 2007 జూలైలో జరిగిన డెమోక్రాట్ల డిబేట్‌కి సుమారు 3 వేల వీడియోలు వస్తే నలభై లోపే వేశారు, ఎంపిక ఛానెల్‌దే. అందులో ఒక మామూలు మనిషి, ఇరాన్, సిరియా, క్యూబా లాంటి దేశాల నాయకులను మొదటి ఏడాదిలోనే, ముందస్తు షరతులు లేకుండా కలుస్తారా అని అడిగాడు. ఒబామా కలుస్తానన్నాడు, హిల్లరీ అలా మాట ఇవ్వనంది, ఆ గొడవ ప్రచారంలో చాలాకాలం నడిచింది. అందులోంచి "షరతులు లేకుండా" అన్న మాట తీసేయండి, ఇద్దరి మధ్య తేడా అంత స్పష్టంగా తెలిసేది కాదేమో. నాయకుణ్ణి తప్పించుకోకుండా పట్టుకునేది ఆ చివరి రెండు మాటలే. నాదాంట్లో కోసింది సరిగ్గా అదే.

ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే "టైమ్ లేదు మేడమ్, అందరివీ కట్ చేశాం" అన్నాడు. మా అక్క కొడుకు "చిన్నమ్మా, ఫోన్లో అరిచి లాభం లేదు, రాతపూర్వకంగా పంపు" అని చెప్పాడు. వాడే వెతికి పెట్టాడు: 2021లో కేబుల్ టీవీ నిబంధనలకి చేసిన సవరణ ప్రకారం ఛానెల్ ముందు ఫిర్యాదు తీసుకోవాలి, అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ఛానెళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్ళొచ్చు. నేను చేత్తో రాసిన పేజీ ఫోటో, వాళ్ళ "ఓకే మేడమ్", నా ఒరిజినల్ వీడియో మూడూ జతచేసి పంపాను.

ఆ సాయంత్రమే షార్ట్ తీసేశారు. మరుసటి రోజు పూర్తి నలభై సెకన్లూ వాళ్ళ యూట్యూబ్‌లో పెట్టారు. నాకు మాట్లాడటం చేతకాదనుకున్న ఆ అబ్బాయి "సారీ మేడమ్" అని ఫోన్ చేశాడు.

ఇంకోసారి పంపితే ప్రశ్నని ఒకే వాక్యంలో, రెండు పార్టీల పేర్లతోనే మొదలుపెట్టి పంపుతాను, అప్పుడు కోయడానికి చోటుండదు. మీరూ అలాగే చేయండి, పంపేముందు మీ యూట్యూబ్‌లో పూర్తి వీడియో పెట్టుకోండి.

టీవీలో మాత్రం ఇంకా సవరణ వేయలేదు. అదే డిబేట్‌లో, అదే టైమ్‌లో వేయమని అడిగాను. ఆ 15 రోజులు నడుస్తున్నాయి, పై సంస్థకి పంపాల్సిన కాగితం రాసి పెట్టుకున్నాను.