నల్ల ఇసుక, తెల్లరంగు

పెయింట్ ల్యాబ్‌లో చేరాక కళింగపట్నం బీచ్ నాకు వేరేగా కనిపిస్తోంది. అక్కడి ఇసుకలో నల్లగా మెరిసే రేణువుల్లో ఇల్మెనైట్ ఉంటుంది. ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం అది. గోడలకు వేసే తెల్లరంగులో ప్రాణంలాంటి టైటానియం డయాక్సైడ్‌ను ఇలాంటి ఖనిజం నుంచే తీస్తారు. అంత నలుపులోంచి అంత తెలుపు! ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం టైటానియం డయాక్సైడ్‌కు దాదాపు 2.7, సుద్దపొడిది 1.6 దగ్గరే. ఇది ఎక్కువైతే పూత కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది. అందుకే పలుచటి పూతైనా కింద మరకను కప్పేస్తుంది. ఖర్చు తగ్గించాలని సుద్ద పెంచితే, నలుపు తెలుపు గళ్ల కార్డు మీద పూయగానే కింది నలుపు కనిపించి బయటపడిపోతుంది.

నాకు ఎక్కువ ఇష్టమైన టెస్ట్ మాత్రం సాల్ట్ స్ప్రే. రంగు వేసిన ఇనుప పలక మీద గీత గీసి, 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి తుంపరలో ఉంచుతాం. గీత పక్కన పూత కింద తుప్పు ఎంత పాకిందో కొలుస్తాం. మా ఊరి పెయింటర్ బాబాయి ఎప్పుడూ అంటాడు, "ఏ రంగేసినా ఉప్పుగాలి తినేస్తాది బాబూ" అని. సముద్రం పక్క గేట్లు చూస్తే ఆయన మాట నిజమే. కానీ తుప్పు పూర్తిగా గీకి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ (తుప్పును అడ్డుకునే అడుగుపూత) వేశాక పైపూత వేస్తే ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది. ఈసారి సెలవుకి వెళ్లినప్పుడు ఆయనకు ప్రైమర్ వేసిన పలకనీ, వేయని పలకనీ పక్కపక్కన పెట్టి చూపించాలి.