స్టార్టర్ డబ్బా మూతకు వేపపుల్ల

పదకొండున్నర దాటింది, చిన్నోడు పడుకున్నాడు, పొద్దున మీటింగ్‌లో విన్న మాట మాత్రం ఇంకా చెవిలోంచి పోవట్లేదు. "మీ షెడ్యూల్ రన్నే కదా డేటా మొత్తం తుడిచేసింది?"

నాది కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టులు వాటంతట అవే నడిచేలా నేను పెట్టిన షెడ్యూల్ రాత్రి 2 గంటలకు, డేటా తుడిచిన టెస్టులు నడిచింది రాత్రి 10:40కి. అయినా రిపోర్ట్ మీద 'సర్వర్ రన్' అని ఉంది కాబట్టి, టైమ్ చూడకుండానే అందరి ముందూ నన్ను అనేశారు. అన్నం డబ్బా కూడా తెరవకుండా మధ్యాహ్నమంతా వెతికాను. రన్ ఎక్కడ మొదలైందో తేల్చడానికి మా కోడ్ చూసేది ఒక్కటే, సీఐ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (మెషీన్‌లో పెట్టే ఒక గుర్తు) ఉందా లేదా అని. సర్వర్ మీద టెస్టులు నడిపించే గిట్‌ల్యాబ్ దాన్ని తనే పెడుతుంది. మా టీంలో ఒక పిల్లాడు ఎప్పుడో ఏదో ఎర్రర్ పట్టుకోవడానికి తన ల్యాప్‌టాప్‌లో సీఐ=ట్రూ అని పెట్టుకుని తీయడం మరిచిపోయాడట. రాత్రి ఇంట్లో కూర్చుని టెస్టులు నడిపితే, కోడ్ తాను సర్వర్ మీద ఉన్నాననుకుని ఉమ్మడి డేటాబేస్‌ను ఊడ్చేసి మరీ మొదలుపెట్టింది. వాడు "అక్కా, నాదే తప్పు" అని ఫోన్ చేశాడు. నన్ను అన్నాయన మాత్రం సాయంత్రం దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు, లిఫ్ట్‌లో ఎదురుపడి కూడా ఫోన్ చూసుకున్నాడు.

కాజీపేట నుంచి వస్తుంటే బాపు గుర్తొచ్చాడు. పరకాల దగ్గర మా ఊళ్లో బాయి మాకూ పెద్దబాపుకూ ఉమ్మడిది, కరెంటు అర్ధరాత్రి వచ్చేది, అందుకే కరెంటు రాగానే మోటర్‌ను తనే ఆన్ చేసే ఆటో స్టార్టర్ డబ్బా. (2018 జనవరిలో 24 గంటల కరెంటు వచ్చాక వాటిని తీసేయమన్నారు.) బాపు సాయంత్రం డబ్బా మూత సందులో వేపపుల్ల దోపి వచ్చేవాడు. పొద్దునకు పుల్ల అట్లే ఉంటే మోటర్ తనంతట తానే నడిచినట్టు, కింద పడితే ఎవరో చేయి పెట్టినట్టు. ఒకసారి మా వంతు రోజు పొలం పారలేదు, పుల్ల కింద పడి ఉంది. బాపు పెద్దబాపుతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ మూత తీసింది నేను. రెండో తరగతిలో ఉన్నా, లోపల ఏముందో చూద్దామని తీసి, స్విచ్ కిందికి వేసి ఆపేసి మళ్లీ మూసేశాను, పుల్ల సంగతి నాకు తెలియదు. ఇప్పటికీ బాపుకు చెప్పలేదు.

ఇంటికి రాగానే తనిఖీలు పెంచుదామని కూర్చున్నా. గిట్‌ల్యాబ్ పెట్టే ఇంకో గుర్తు సీఐ_పైప్‌లైన్_సోర్స్ చూస్తే రన్ మొదలైంది షెడ్యూల్ వల్లా, ఎవరైనా కొత్త కోడ్ పంపడం (పుష్) వల్లా, వెబ్ నుంచి ఎవరైనా నొక్కారా తెలుస్తుంది, జావా ప్రోగ్రాం ఏ కమాండ్‌తో మొదలైందో చెప్పే సన్.జావా.కమాండ్ చూస్తే కోడ్ రాసుకునే ఇంటెల్లీజే నుంచా, కమాండ్‌తో నడిపే మావెన్ నుంచా అని చాలావరకు పట్టుకోవచ్చు. గంట సేపు రాశాక చేయి ఆగింది. ఇవీ పుల్లలే కదా. ఎవరు నడిపారో రిపోర్ట్‌లో రాయడానికి పనికొస్తాయి, సరే, అవి ఉండనీ. కానీ డేటా తుడవాలా వద్దా అన్నది ఊహ మీద వదిలేయడమే అసలు తప్పు. నేను కూడా రెండేళ్లుగా ఆ కోడ్ చూస్తూనే ఉన్నాను.

కాబట్టి కోడ్‌లో ఆ ఊహించే ముక్క తీసేశాను. తుడవాలంటే ఇకమీదట కమాండ్‌లో ఆ మాట విడిగా ఇవ్వాలి, ఇవ్వకపోతే రన్ అక్కడే ఆగిపోతుంది. రిపోర్ట్‌లో యూజర్ పేరు, మెషీన్ పేరు, మొదలైన టైమ్ పైనే కనబడతాయి. రివ్యూకు పంపాను. దాన్ని చూడాల్సింది మీటింగ్‌లో నన్ను అన్నాయనే.