స్క్రైబ్ కావాలన్నారు, వెళ్తే కుదరదన్నారు: నా అనుభవం

రాత్రి తొమ్మిదిన్నరకి మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. రేపు ఉదయం డిగ్రీ పరీక్ష, పొలిటికల్ సైన్స్, తెలుగు మీడియం, చూపు లేని అమ్మాయి, ఆమె చెప్పే జవాబులు విని రాసిపెట్టడానికి ఒప్పుకున్న స్క్రైబ్‌కి జ్వరం వచ్చింది, ఎవరైనా రాగలరా అని. నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఉంటాను, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నా తెలుగు దస్తూరి బాగుంటుందని స్కూల్లో మా టీచర్లు మెచ్చుకునేవాళ్లు, అంతకుమించి ఏమీ ఆలోచించకుండా "నేను వస్తాను" అని పెట్టేసి, మేనేజర్‌కి లీవ్ మెసేజ్ కొట్టి పడుకున్నాను.

పొద్దున్నే సెంటర్‌కి వెళ్తే చీఫ్ సూపరింటెండెంట్ గారు నా ఐడీ కార్డు చూసి అడిగిన మొదటి ప్రశ్న "ఏం చదివారమ్మా?" బీటెక్ అన్నాను. ఆయన కోప్పడలేదు, పాపం నచ్చజెప్పినట్టే చెప్పారు, "డిగ్రీ రాసేవాళ్లకి డిగ్రీ చదివినవాళ్లు రాయకూడదమ్మా, కింది క్లాసు వాళ్లే ఉండాలి" అని. పరీక్షకి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఆ అమ్మాయి గోడ పక్కన కర్ర మడిచి పట్టుకుని మా మాటలన్నీ వింటోంది. చివరికి పక్క వీధి టిఫిన్ సెంటర్ ఓనర్ గారి అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడని తెలిసి బతిమాలి తీసుకొచ్చాం. వాడు మంచి పిల్లాడు, వెంటనే వచ్చాడు. కానీ ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగులో తన పేరు రాయడానికే ఆలోచించుకునేవాడు, "సార్వభౌమాధికారం" అని చెప్తే ఎలా రాస్తాడు? ఆమె ఒక్కో మాటా అక్షరం అక్షరం విడగొట్టి, ఒత్తు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అని చెప్పుకుంటూ కూర్చుంది. నాలుగు గంటలు అలాగే గడిచిపోయాయి. ఆ పేపర్ పోయింది.

ఆ సాయంత్రం కూర్చుని రూల్స్ చదివాను. ముందు రోజు రాత్రే చదవాల్సింది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన, అప్పటికి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. అభ్యర్థి తన స్క్రైబ్‌ని తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు కిందే ఉండాలి. పరీక్ష పెట్టేవాళ్లే స్క్రైబ్‌ని ఇస్తే రెండు రోజుల ముందే కలిసి, ఈ మనిషి సరిపోతారో లేదో చూసుకునే అవకాశం అభ్యర్థికి ఇవ్వాలి. గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. వైకల్యం ఉన్నవాళ్లకి స్క్రైబ్ సదుపాయం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది, ఎవరో దయ తలచి ఇచ్చేది కాదు. ఒక మెట్టు కింద అనే రూల్ ఎందుకో కూడా అర్థమైంది, రాసేవాళ్లకి జవాబు తెలిసి ఉంటే పరీక్ష ఎవరు రాసినట్టు? రూల్ సరైనదే. కానీ దానివల్ల మాలాంటి ఉద్యోగులం, మనసున్నా, ఆ కుర్చీలో కూర్చోవడానికి పనికిరాం.

వారం తర్వాత ఆమె హాస్టల్‌కి వెళ్లాను, సారీ చెబుదామని. ఆమె సారీ గురించి పట్టించుకోలేదు. "అక్కా, పరీక్ష రోజు ఎవరో ఒకరు దొరుకుతారు. ముందు నాలుగు నెలలు చదివి వినిపించేవాళ్లే దొరకరు" అంది. లాప్‌టాప్ తెరిచి సీనియర్లు ఇచ్చిన నోట్స్ ఫైల్ పెట్టింది. స్క్రీన్ మీద నాకు చక్కటి తెలుగు కనబడుతోంది. ఎన్‌వీడీఏ ఆన్ చేసింది. అది చూపు లేనివాళ్లు వాడే ఉచిత స్క్రీన్ రీడర్. ఒక్క తెలుగు ముక్క లేదు, ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు గడగడా చదువుకుంటూ పోయింది. ఆ నోట్స్ అను ఫాంట్‌లో టైప్ చేసినవి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి అర్థం లేని గుర్తులు. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప ఆమెకి ఆ ఫైల్ ఉన్నా లేనట్టే. నేను రోజూ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని చేస్తాను, ఇన్నేళ్లలో ఇది ఒక్కసారీ నా దృష్టికి రాలేదు.

ఇక మా కంపెనీ సంగతి. మాకు ఏడాదికోసారి వాలంటీరింగ్ డే ఉంటుంది. రెండేళ్లు వరసగా ఒకే గవర్నమెంట్ స్కూల్ గోడకి రంగులు వేశాం. బస్సు, టీషర్టులు, గ్రూప్ ఫోటో. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి హెడ్మాస్టర్ గారు "గోడ బాగానే ఉందండీ, లెక్కలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా మీలో" అని అడిగారు. ఎవరి దగ్గరా సమాధానం లేదు, సాయంత్రం నాలుగుకి బస్సెక్కాం. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

కాబట్టి హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క రోజు ఎనిమిది గంటల్ని వారానికి గంట చొప్పున ముక్కలు చేసి ఇవ్వండి, ఇలాంటి విద్యార్థులకి పాఠాలు చదివి రికార్డ్ చేసిపెడతాం అని అడిగాను. వాళ్లు ముందు డబ్బు గురించి మాట్లాడారు, సీఎస్ఆర్ బడ్జెట్ ఉంది, రికార్డర్లు కొనిద్దామా అని. 2013 కంపెనీల చట్టం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలంటుంది కదా, అందుకని డబ్బు తేలిగ్గానే కదులుతుంది. ఉద్యోగి టైమ్ కదిలించడమే కష్టం. ప్రతి ఫోన్‌లో రికార్డర్ ఉంది, చదివే గొంతు కావాలి అన్నాను.

తర్వాత లీగల్ వాళ్లు ఆపారు. పాఠ్యపుస్తకాన్ని చదివి రికార్డ్ చేస్తే కాపీరైట్ సమస్య వస్తుందని. న్యాయంగా అడిగిన ప్రశ్నే, పది రోజులు పట్టింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణలోనే జవాబు దొరికింది. మామూలు పుస్తకం చదువుకోలేని వికలాంగుల కోసం, లాభాపేక్ష లేకుండా, వాళ్లు వాడుకోగల రూపంలోకి మార్చుకోవచ్చు. ఇలాంటి పుస్తకాల కోసమే వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మన దేశమే. అది చూపించాక సరే అన్నారు, ఫైల్స్ బయట ఎక్కడా పెట్టొద్దు, ఆ విద్యార్థులకే ఇవ్వాలి అనే షరతుతో.

ఆఫీసు మొత్తానికి మెయిల్ పెడితే ముగ్గురు జవాబిచ్చారు. నిరాశగా అనిపించింది. తర్వాత నేనే ఒక్కొక్కరి సీటు దగ్గరికి వెళ్లి, "మీరు తెలుగు మీడియంలో చదివారు కదా, ఈ పద్నాలుగు పేజీలు చదివి పెడతారా, శుక్రవారం మూడు నుంచి నాలుగు వరకు" అని అడిగాను. పదకొండు మంది ఒప్పుకున్నారు. "సేవ చేద్దాం రండి" అంటే ఎవరికీ ఏమీ తోచదు, పద్నాలుగు పేజీలు అంటే వాళ్ల కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకాయన అప్పటిదాకా టీమ్ మీటింగ్‌లో కూడా పెద్దగా మాట్లాడేవాడు కాదు, ఆయన చదివితే ఆగి వినాలనిపించేది.

నిజంగా మార్పు వచ్చింది మాత్రం టైమ్‌షీట్‌తో. మొదట్లో జనం దొంగతనంగా వచ్చినట్టు వచ్చేవాళ్లు, మేనేజర్ చూస్తాడేమో అని టెన్షన్. మా డైరెక్టర్ ఒప్పుకుని టైమ్‌షీట్‌లో దానికో కోడ్ పెట్టించి, మొదటి శుక్రవారం తనే వచ్చి ఒక చాప్టర్ చదివారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. కంపెనీలో ఎవరైనా ఇది చదువుతుంటే నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, టీషర్టుల ఖర్చు మిగుల్చుకోండి, ఆ గంటని పనిగంటగా లెక్కలో రాయండి.

చదవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మొదటి ఫైల్స్‌లో ఫ్యాన్ చప్పుడు, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. పేజీ నంబరు చెప్పాలి, "హెడ్డింగ్" అని చెప్పి హెడ్డింగ్ చదవాలి, పట్టిక వస్తే ముందు ఎన్ని వరుసలో చెప్పి తర్వాత వరుస వరుసగా చదవాలి, సంవత్సరాలు నెమ్మదిగా పలకాలి. ఇవన్నీ చెప్పింది ఆ అమ్మాయి, ఆమె స్నేహితులే. భావం పెట్టి నాటకంలా చదవొద్దు, సాదాగా చదవండి, మేము స్పీడ్ పెంచుకుని వింటాం అన్నారు.

ఇక స్క్రైబ్‌ల వైపు. అది కంపెనీ చేయగలిగింది కాదు, కాలనీయే చేయాలి. మా అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, వీధిలో ఎవరింట్లో ఏ క్లాసు పిల్లలున్నారో ఆయనకి తెలుసు. కమ్యూనిటీ హాల్ శనివారం సాయంత్రాలు ఉచితంగా ఇప్పించారు. కానీ తల్లిదండ్రులు భయపడ్డారు. ఒకావిడ "ఏదైనా గొడవైతే మా వాడి మీద మాల్‌ప్రాక్టీస్ కేసు పెడతారా" అని సూటిగా అడిగారు. అలా అడగడమే మంచిదైంది. రూల్ ప్రింట్ తీసి, స్క్రైబ్ కోసం ఇచ్చే హామీ పత్రంలో ఏముంటుందో చదివి వినిపించి, అంకుల్ స్వయంగా పరీక్ష సెంటర్ దాకా తోడు వస్తానని మాటిచ్చాక నలుగురు ఒప్పుకున్నారు. మేమెన్ని కాగితాలు చూపించినా ఆయన మాటకే విలువ.

మిగతా పిల్లలు గవర్నమెంట్ జూనియర్ కాలేజీ నుంచి వచ్చారు, తెలుగు మీడియం వాళ్లు, ఒత్తులు తడబడకుండా రాసేవాళ్లు. అక్కడి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్ మేడమ్ ఎంతో సాయం చేశారు. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవాళ్లు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఆ గంటల్లో మా శనివారాలు కూడా రాస్తానన్నారు. ఆటో డబ్బులు కంపెనీ ఇచ్చింది. ఆ పిల్లల్లో ఇద్దరికి అది లేకపోతే రావడమే కుదిరేది కాదు.

హాల్లో మా ఆఫీసువాళ్లు డిక్టేషన్ చెప్పేవాళ్లు, పిల్లలు రాసేవాళ్లు. నేను పరీక్షలో పెన్ను పట్టకూడదు, పట్టేవాళ్లకి నేర్పించొచ్చు కదా. విన్నది విన్నట్టు రాయాలి, తప్పనిపించినా దిద్దకూడదు, ఒత్తు అనుమానమైతే అడగాలి, ప్రశ్న రెండుసార్లు చదవాలి. ఒకసారి ఒక అబ్బాయి, పరీక్ష రాయాల్సిన ఆ అమ్మాయి చెప్పిన వాక్యాన్ని ఇంకా అందంగా మార్చి రాశాడు. ఆమె చదివించుకుని విని, "తమ్ముడూ, నీ వాక్యం బాగుంది, కానీ పరీక్ష నాది" అంది. వాడు ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాశాడు.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. మూడో నెలలో మా ప్రాజెక్ట్ రిలీజ్ వచ్చింది, శుక్రవారాలు ఖాళీ అయిపోయాయి. "అక్కా, మూడో యూనిట్ చదివే సార్ సగంలో ఆపేశారు, ఇంక రారా?" అని ఆమె ఫోన్ చేసినప్పుడు నా దగ్గర మాట లేదు. ఆమె ఆ సగం మీద ఆధారపడి చదువుకుంటోంది. అప్పటినుంచి ప్రతి యూనిట్‌కి ఇద్దరిని పెట్టాం, ఒకరు ఆగితే ఇంకొకరు అందుకోవాలి. ఒక యూనిట్ పూర్తయ్యాకే ఇంకోటి ఇస్తాం, ఉత్సాహంగా మూడు అడిగినా ఇవ్వం.

మేలో మళ్లీ అదే పేపర్. ఈసారి స్క్రైబ్ వారం ముందే ఆమెని కలిసి రెండు మోడల్ పేపర్లు రాశాడు. ఉదయం అంకుల్, నేను గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. మిగతావాళ్లు పన్నెండుకి వచ్చేశారు, వీళ్లకి ఒంటిగంట దాకా టైమ్. బయటికి వచ్చినప్పుడు ఆ అబ్బాయి కుడిచేతి వేళ్లు నొక్కుకుంటున్నాడు, మధ్యవేలికి ఇంకు మరక. ఎలా రాశారని ఇంకా అడగనే లేదు, ఆమే చెప్పింది, "అడిషనల్స్ మూడు తీసుకున్నాం అక్కా. సార్వభౌమాధికారం ఒక్కసారి కూడా విడగొట్టి చెప్పలేదు."

ఎల్లుండి శుక్రవారం. ఆమె జూనియర్లు ఇద్దరు ఎకనామిక్స్ రెండో యూనిట్ అడిగారు, ఒకరు ఒప్పుకున్నారు, జతకి ఇంకొకరు కావాలి.