‘సేవ్ అయింది’ అంటే ఎక్కడ అయినట్టు?

లినక్స్ మిషన్‌లో ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి 1 జీబీ ఫైల్ కాపీ చేశారనుకోండి. బార్ ఆరు సెకన్లలో చివరికంటా పాకేసింది. ఆ పెన్‌డ్రైవ్ చూస్తే చవకరకం, రాసే వేగం సెకనుకు 8 ఎంబీ దాటదు. లెక్క కడితే 1 జీబీ ఎక్కడానికి 128 సెకన్లు పట్టాలి. ఆరు సెకన్లలో ఎక్కేది మహా అయితే 48 ఎంబీ. మిగతా 976 ఎంబీ ఏమైనట్టు? ర్యామ్‌లో ఉంది. అప్పుడే పెన్‌డ్రైవ్ పీకేస్తే అంతా గంగలో కలిసినట్టే.

బార్ అబద్ధమాడలేదు. కాపీ చేసే ప్రోగ్రామ్‌కు డిస్క్ నేరుగా కనపడదు. ‘ఈ బైట్లు ఆ ఫైల్‌లో రాయి’ అని రైట్ అనే సిస్టమ్ కాల్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ను అడగడం వరకే దాని పని. కెర్నల్ ఆ బైట్లను పేజీ క్యాష్ అనే తన సొంత జాగాలోకి తీసుకుని, ఆ పేజీల మీద ‘డర్టీ’ అని గుర్తేసి, ‘అయిపోయింది, నువ్వెళ్లు’ అని ప్రోగ్రామ్‌ను పంపించేస్తుంది. పేజీ అంటే మామూలు పీసీలో 4 కేబీ ముక్క. మన 1 జీబీకి అలాంటివి 2,62,144 వస్తాయి. డర్టీ అంటే మురికి అని కాదు, ర్యామ్‌లో ఉన్న పాఠానికీ డిస్క్ మీద ఉన్న పాఠానికీ పొంతన లేదని. నన్నడిగితే వీటిని బాకీ పేజీలు అనాలి. డిస్క్‌కు కెర్నల్ పడ్డ బాకీ.

ఈ బాకీ ఎందుకు పెట్టుకోవాలి, ఎప్పటికప్పుడు రాసేస్తే పోలా అంటే, పోదు. ఒకే డాక్యుమెంట్‌ను పది సెకన్లలో మూడుసార్లు సేవ్ చేస్తే డిస్క్ మీదకు వెళ్లాల్సింది మూడోదే. తాత్కాలిక ఫైళ్లు చాలావరకు పుట్టిన కాసేపటికే చెరిగిపోతాయి. వాటిని డిస్క్ దాకా మొయ్యడం దండగ. పక్కపక్క బ్లాకులకు వచ్చిన చిన్నచిన్న రాతలను కలిపి ఒకే పెద్ద రాతగా పంపితే హార్డ్ డిస్కుకైనా ఫ్లాష్‌కైనా సుఖం.

లినక్స్‌లో బాకీ తీర్చే గడువులు ఇవి. ప్రతి 5 సెకన్లకు ఫ్లషర్ థ్రెడ్ (కెర్నల్‌లో ఇదే పని మీదుండే భాగం) నిద్ర లేచి, 30 సెకన్లు దాటిన బాకీ పేజీలను డిస్క్‌కు తోలుతుంది. అందుబాటులో ఉన్న మెమరీలో బాకీలు 10 శాతం దాటితే వయసు చూడకుండా వెనక నుంచి రాయడం మొదలవుతుంది. 20 శాతానికి చేరితే రాస్తున్న ప్రోగ్రామ్‌నే ఆపి కూర్చోబెడుతుంది. పెద్ద ఫైల్ కాపీ మొదట్లో పరుగెత్తి, మధ్యలో ఉన్నట్టుండి నత్తనడక పట్టడానికి కారణం ఇదే. పెన్‌డ్రైవ్ పాడు కాలేదు, అప్పటిదాకా మీరు చూసింది ర్యామ్ వేగం.

నాకు ఈ శాతాల లెక్క నచ్చదు. ర్యామ్ 512 ఎంబీ ఉన్న రోజుల్లో 20 శాతం అంటే 100 ఎంబీ. ఇప్పుడు 16 జీబీ మిషన్‌లో అది 3 జీబీ వరకు పోవచ్చు. సెకనుకు 8 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కు అది ఆరు నిమిషాలకు మించిన బాకీ. పెన్‌డ్రైవ్‌లతో ఎక్కువ పని ఉన్నవాళ్లు శాతం బదులు బైట్లలో పరిమితి పెట్టుకోవచ్చు. కెర్నల్ మెమరీకి సంబంధించిన వీఎం సెట్టింగుల్లో ‘డర్టీ బైట్స్’, ‘డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్’ అని రెండున్నాయి. మొదటిదానికి 200 ఎంబీ, రెండోదానికి 50 ఎంబీ ఇస్తే బార్ చాలావరకు నిజమే చెబుతుంది. బైట్లలో ఇవ్వగానే శాతం సెట్టింగు దానంతటదే సున్నా అవుతుంది, కంగారు పడొద్దు. ఇది మిషన్ మొత్తానికి వర్తిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి, లోపలి ఎస్ఎస్‌డీకి కూడా. ప్రస్తుతం బాకీ ఎంతుందో చూడాలంటే ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్‌ఫో ఫైల్‌లో ‘డర్టీ’, ‘రైట్‌బ్యాక్’ వరుసలు చదవండి. మొదటిది ఇంకా పంపనిది, రెండోది దారిలో ఉన్నది.

ఇక ఎజెక్ట్. అది నొక్కితే సిస్టమ్ ముందు ఆ డ్రైవ్ మీద తెరిచి ఉన్న ఫైళ్లు ఏమైనా ఉన్నాయా అని చూస్తుంది. లేకపోతే బాకీ పేజీలన్నీ తీరుస్తుంది, ఫైల్ సిస్టమ్‌ను శుభ్రంగా మూసినట్టు గుర్తు రాస్తుంది, చివరగా ‘నీ లోపలి క్యాష్‌లో ఏమైనా ఉంటే దింపేయ్’ అని డ్రైవ్‌కే ఆదేశం పంపుతుంది. నాలుగు పనులు, ఒక క్లిక్కు. లైటు మిణుకుమనడం ఆగింది కదా అని పీకేసేవాళ్లున్నారు. ఫ్లషర్ రెండు విడతల మధ్య నిద్రలో ఉన్నప్పుడు కూడా లైటు ఆగుతుంది.

‘డివైస్ వాడుకలో ఉంది’ అని మొరాయిస్తే ఎవరు పట్టుకుని కూర్చున్నారో విండోస్ చెప్పదనుకుంటారు గానీ చెబుతుంది, కాకపోతే వేరేచోట. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో కెర్నల్ పీఎన్‌పీ నుంచి వచ్చిన 225 నంబరు ఈవెంట్ వెతకండి. అడ్డుపడ్డ ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ నంబరు అందులో ఉంటాయి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ గానీ ఫ్యూజర్ గానీ అనే కమాండ్ చాలు. తరచుగా దొరికే దొంగ ఎవరయ్యా అంటే, ఆ పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి వెళ్లి మరిచిపోయిన టెర్మినల్ విండో.

విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు ‘క్విక్ రిమూవల్’ పద్ధతి డిఫాల్ట్ అయింది. రాతలను ర్యామ్‌లో దాచుకోకుండా వెంటనే పంపుతుంది, కాబట్టి కాపీ ముగిశాక ఎజెక్ట్ చెయ్యకుండా తీసినా సాధారణంగా నష్టముండదు. దీన్ని పట్టుకుని ఎజెక్ట్ పాతకాలపు చాదస్తం అని తేల్చేస్తే నేను ఒప్పుకోను. కాపీ నడుస్తుండగా తీస్తే ఈ పద్ధతి ఏమీ కాపాడలేదు. అదే డ్రైవ్‌ను ఎవరో డివైస్ మేనేజర్‌లో పాలసీస్ కిందికెళ్లి ‘బెటర్ పెర్ఫార్మెన్స్’కు మార్చి ఉంటే పాత కథే. జిరాక్స్ షాపులో కౌంటర్ అవతలి కంప్యూటర్ ఏ సెట్టింగులో ఉందో మనకేం తెలుసు?

మధ్యలో తీసేస్తే సరిగ్గా ఏం చెడుతుందో ఫ్యాట్32లో తేలిగ్గా కనపడుతుంది. కొత్త ఫైల్ రాయడమంటే మూడుచోట్ల రాయడం. అసలు డేటా క్లస్టర్లలోకి, అంటే డ్రైవ్‌ను సమానంగా కోసిన ముక్కల్లోకి. ఏ క్లస్టర్ తర్వాత ఏదో చెప్పే గొలుసు ఫ్యాట్ పట్టికలోకి. పేరు, మొదటి క్లస్టర్, సైజు కలిసిన 32 బైట్ల ఎంట్రీ డైరెక్టరీలోకి. (సైజుకు అందులో 4 బైట్లే ఇచ్చారు, 4 జీబీ ఫైల్ ఫ్యాట్32లో పట్టకపోవడం అందుకే.) డేటా, గొలుసు ఎక్కి డైరెక్టరీ ఎంట్రీలో సైజు మారకముందే పీకితే 0 బైట్ల ఫైల్ మిగులుతుంది, క్లస్టర్లు అనాథలవుతాయి. విండోస్ మరమ్మతు పనిముట్టు చెక్‌డిస్క్ నడిపితే వాటిని ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో ఫైల్0000.సీహెచ్‌కే లాంటి పేర్లతో పడేస్తుంది. ఇంతకన్నా చెడ్డది రెండో రకం. ఎంట్రీ, గొలుసు ముందే ఎక్కి డేటా ఎక్కకపోతే ఫైల్ సైజు సరిగ్గానే కనపడుతుంది, తెరిస్తే మాత్రం ఆ క్లస్టర్లలో పూర్వం ఉన్న చెత్త వస్తుంది. సైజు చూసి ‘వచ్చేసింది’ అనుకుని అసలు కాపీ చెరిపేసేవాళ్లు మునిగేది ఇక్కడే. ఎక్స్‌ఫ్యాట్ కొత్తదే అయినా ఈ విషయంలో ఫ్యాట్‌కు తోబుట్టువే, దానికీ జర్నల్ లేదు.

జర్నల్ అంటే మన కిరాణా కొట్టు చిట్టా. శెట్టిగారు ప్రతి బేరాన్నీ ముందు చిట్టాలో వరుసగా గీకేసి, తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్లది ఎక్కిస్తారు. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకోవచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 చేసేదీ అంతే. మారబోయే మెటాడేటా (ఫైళ్ల పేర్లు, సైజులు, చోట్ల వివరాలు) బ్లాకులను ముందు జర్నల్‌లో రాస్తుంది, చివర కమిట్ బ్లాకు వేస్తుంది, ఆ తర్వాతే అసలు స్థానాల్లోకి ఎక్కిస్తుంది. మిషన్ మళ్లీ లేచినప్పుడు కమిట్ బ్లాకు ఉన్న పద్దును తిరిగి ఎక్కిస్తుంది, లేనిదాన్ని పారేస్తుంది. ఈ కమిట్ డిఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి జరుగుతుంది.

చిట్టాలో ఎక్కేది మెటాడేటా మాత్రమేనని చాలామంది గమనించరు. ఎక్స్‌టీ4 డిఫాల్ట్ అయిన ఆర్డర్డ్ పద్ధతిలో డేటా జర్నల్‌లోకి పోదు, కమిట్‌కు ముందు తన చోటికి చేరాలన్న వరుస మాత్రమే పాటిస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ లాగ్ కూడా మెటాడేటాకే. అంటే ఫైల్ సిస్టమ్ నిర్మాణం నిలుస్తుంది, మీ ఫైల్‌లోని చివరి మార్పులు నిలుస్తాయన్న హామీ లేదు. 2009లో ఎక్స్‌టీ4 కొత్తగా వాడుకలోకి వచ్చినప్పుడు క్రాష్ తర్వాత సెట్టింగుల ఫైళ్లు 0 బైట్లుగా మిగిలాయని పెద్ద గొడవైంది. బ్లాకులు కేటాయించడాన్ని వాయిదా వెయ్యడం దాని కొత్త ఎత్తుగడ, చోటే ఇంకా ఖాయం కాని డేటాకు పైన చెప్పిన వరుస వర్తించదు. ప్రోగ్రామ్‌లేమో పాత ఫైల్‌ను ఖాళీ చేసి తిరగరాయడమో, కొత్తది రాసి పేరు మార్చడమో చేసి, డిస్క్‌కు చేరిందో లేదో అడక్కుండా వెళ్లిపోయేవి. పేరు మార్పు చిట్టాకెక్కింది, డేటా ర్యామ్‌లోనే ఉండిపోయింది. తర్వాత కెర్నల్‌లో ఆ రెండు సందర్భాలను పసిగట్టి డేటాను ముందే తోసే ఏర్పాటు పెట్టారు.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు పాటించాల్సిన వరుస వేరే ఉంది. అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైల్ తెరిచి పూర్తిగా రాయండి. దాని మీద ఎఫ్‌సింక్ (ఈ ఫైల్ బాకీ ఇప్పుడే తీర్చమని కెర్నల్‌ను అడిగే కాల్) పిలవండి, తిరిగొచ్చిన విలువ తప్పక చూడండి. అప్పుడు పాత పేరు మీదకు రీనేమ్ చెయ్యండి. చివరగా ఆ డైరెక్టరీ మీద కూడా ఎఫ్‌సింక్ పిలవండి, పేరు మార్పు డైరెక్టరీలోని సంగతి కాబట్టి. తాత్కాలిక ఫైల్‌ను టెంప్ ఫోల్డర్‌లో పెడితే అది వేరే ఫైల్ సిస్టమ్ కావచ్చు, అప్పుడు రీనేమ్ కుదరదు. మ్యాక్‌లో మామూలు ఎఫ్‌సింక్ డ్రైవ్ లోపలి క్యాష్‌ను ఖాళీ చేయించదు, దానికి ఫుల్ ఎఫ్‌సింక్ అనే వేరే ఆదేశం ఉంది.

ఎఫ్‌సింక్ తప్పు చూపిస్తే మళ్లీ పిలిస్తే సరిపోతుందని డేటాబేస్‌లు రాసేవాళ్లు కూడా ఏళ్ల తరబడి నమ్మారు. 2018లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ల దగ్గర అసలు సంగతి బయటపడింది. రాత విఫలమైనా లినక్స్ ఆ పేజీల మీద డర్టీ గుర్తు తీసేస్తోంది, రెండోసారి ఎఫ్‌సింక్ ‘అంతా క్షేమం’ అంటోంది. బాకీ తీరకుండానే పద్దు కొట్టేసినట్టు. దాంతో పోస్ట్‌గ్రెస్ తీరు మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒక్కసారి తప్పినా సర్వర్‌ను కావాలనే పడగొట్టి, తన సొంత లాగ్ నుంచి తిరిగి కట్టుకుంటుంది.

కెర్నల్ కింద ఇంకో మాయ ఉంది. ఫ్లాష్‌లో రాసినచోటే తిరగరాయడం కుదరదు, ముందు పెద్ద బ్లాకును చెరపాలి. అందుకని డ్రైవ్‌లోని కంట్రోలర్ కొత్తది వేరేచోట రాసి, ఏది ఎక్కడుందో తన పట్టికలో మార్చుకుంటుంది. ఆ పట్టిక రాస్తుండగా కరెంటు పోతే మీరు ముట్టుకోని పాత ఫైళ్లు కూడా చెడవచ్చు. చవక పెన్‌డ్రైవ్‌లకు దీనికి విరుగుడు ఉండదు. సర్వర్ ఎస్ఎస్‌డీల్లో చాలావాటికి ఆ కాస్త సమయం నిలబెట్టేందుకు కెపాసిటర్లు పెడతారు.

ఫోన్‌ను కేబుల్‌తో కలిపినప్పుడు ఈ భయం చాలావరకు ఉండదు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు ఎంటీపీ అనే పద్ధతి ద్వారా ఫైళ్లు ఇస్తాయి. ఫైల్ సిస్టమ్ ఫోన్ చేతిలోనే ఉంటుంది, కంప్యూటర్ కేవలం ‘ఈ ఫైల్ ఇవ్వు, ఇది తీసుకో’ అంటుంది. కేబుల్ లాగేస్తే పోయేది దారిలో ఉన్న ఆ ఒక్క ఫైలే.

పెన్‌డ్రైవ్ అప్పటికే చెడి, పెట్టగానే ‘ఫార్మాట్ చెయ్యాలా’ అని విండోస్ అడిగితే వద్దనండి. చెక్‌డిస్క్ కూడా అప్పుడే వద్దు, అది మరమ్మతు పేరుతో ఆ డ్రైవ్ మీదే రాస్తుంది. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఇమేజ్ ఫైల్‌గా వేరే డిస్క్‌లోకి తీసుకుని, పోయిన ఫైళ్లను వెతికే ఫోటోరెక్ లాంటిది ఆ ఇమేజ్ మీద నడపండి. అది ఫైళ్ల ఆనవాళ్లను బట్టి వెతుకుతుంది, పాత పేర్లు రావు, ముక్కలై ఉన్న ఫైళ్లు సరిగా రాకపోవచ్చు. మీకంటే ముందే ఎవరో చెక్‌డిస్క్ నడిపి సీహెచ్‌కే ఫైళ్లు మిగిల్చి ఉంటే వాటిని హెక్స్ ఎడిటర్‌లో (బైట్లను ఉన్నదున్నట్టు చూపే ప్రోగ్రామ్) తెరిచి మొదటి బైట్లు చూడండి. ఎఫ్ఎఫ్ డీ8 అని ఉంటే జేపెగ్ ఫోటో, శాతం గుర్తు వెనకే పీడీఎఫ్ అక్షరాలుంటే పీడీఎఫ్, పీకే అని ఉంటే జిప్ గానీ వర్డ్ డాక్యుమెంట్ గానీ. ఎక్స్‌టెన్షన్ అలా మార్చి చూస్తే చాలావరకు తెరుచుకుంటాయి.